రాష్ట్రానికి పెద్ద వకీలు: కీత్ ఎల్లిసన్ ప్రస్థానం

2007 జనవరిలో వాషింగ్టన్‌లో తీసిన ఒక ఫోటో మనలో చాలామంది చూసే ఉంటారు. సూటు వేసుకున్న నల్లజాతి నాయకుడొకరు కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచెయ్యి ఒక పాత పుస్తకం మీద ఆనించి ప్రమాణం చేస్తుంటారు. ఎదురుగా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ. ఆ పుస్తకం పవిత్ర ఖుర్ఆన్ ఆంగ్లానువాదం. అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ సొంతానికి కొనుక్కున్న ప్రతి. ప్రమాణం చేస్తున్నది కీత్ ఎల్లిసన్, అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొట్టమొదటి ముస్లిం.

ఆ ఫోటో గురించి అప్పట్లో మన మధ్య చాలా మాటలు నడిచాయి. ఆ తరువాత ఆయన ఏమయ్యారన్నది మాత్రం కొద్దిమందికే తెలుసు. 2019 జనవరి నుంచి ఆయన మిన్నెసోటా రాష్ట్రానికి అటార్నీ జనరల్, అంటే ఆ రాష్ట్ర ప్రభుత్వానికీ ప్రజలకూ పెద్ద వకీలు. ఈ వ్యాసం ఆ పదవి గురించి, ఆ పదవికి ఆయన నడిచి వచ్చిన దారి గురించి.

దాతల కోసం వేసే సంచికలో అమెరికా వకీలు సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం చెబుతాను. కొన్నేళ్ల కిందట మా పట్టణానికి చెందిన ఒక పెద్దమనిషి కుమారుడు నా ఆఫీసుకు వచ్చారు. వాళ్ల నాన్నగారు అనాథ పిల్లల హాస్టలు కోసం స్థలం, నాలుగు గదులు రాసిచ్చారు. రిజిస్టరు చేసిన ట్రస్టు దస్తావేజు ఉంది. దాత పోయాక హాస్టలు మూతపడింది. గదులు గోడౌనుకు అద్దెకు వెళ్లాయి. అద్దె ఎక్కడికి వెళుతోందని అడిగితే కమిటీవారు "ఇచ్చేసిన ఆస్తి మీద నీకేం హక్కు?" అన్నారట. "నిజంగానే మాకు హక్కు లేదా సార్?" అని ఆయన నన్ను అడిగారు. వారసుడిగా లేదు. ఇచ్చేసిన సొమ్ము మీద దాతకు హక్కు ఉండదు. ఎవరికోసం ఇచ్చారో ఆ పిల్లలకు కోర్టు మెట్లు ఎక్కే స్తోమత లేదు. మరి ఆ సొమ్ము తరపున అడిగేదెవరు? ఇంగ్లండు, అమెరికా చట్టాలు ఈ ప్రశ్నకు ఎప్పుడో ఒక జవాబు చెప్పాయి: ప్రభుత్వపు పెద్ద వకీలు అడగాలి. మన చట్టంలోనూ ఆ జవాబు ఉంది. దాని దగ్గరకు చివర్లో వస్తాను.

ముందు పదవి సంగతి. అటార్నీ జనరల్ జడ్జి కాదు. రాష్ట్రం మీద దావా పడితే రాష్ట్రం తరపున నిలబడేది, రాష్ట్రం దావా వేయాలంటే వేసేది ఈయనే. ప్రభుత్వ శాఖలకు చట్టం ఏమంటుందో చెప్పేదీ ఈయనే. మన దగ్గర ఇదే స్థానంలో అడ్వకేట్ జనరల్ ఉంటారు. రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం హైకోర్టు జడ్జి కావడానికి అర్హత ఉన్న న్యాయవాదిని గవర్నరు నియమిస్తారు. గవర్నరుకు ఇష్టమున్నంత కాలం, అంటే ఆచరణలో ప్రభుత్వానికి నమ్మకం ఉన్నంత కాలం, పదవిలో ఉంటారు. ప్రభుత్వం మారితే సాధారణంగా వీరూ మారతారు. అమెరికాలో పద్ధతి వేరు. 50 రాష్ట్రాల్లో 43 చోట్ల అటార్నీ జనరల్‌ను ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు. మిన్నెసోటా వాటిలో ఒకటి. అక్కడ గవర్నరు వేరే పార్టీ మనిషైనా ఈ వకీలును తొలగించలేడు. అందుకే వకీలు పని, రాజకీయ నాయకుడి పని ఈ పదవిలో కలిసిపోయి ఉంటాయి. అది మంచికీ దారితీస్తుంది, చెడుకూ దారితీస్తుంది.

ఎల్లిసన్ 1963 ఆగస్టు 4న డెట్రాయిట్‌లో పుట్టారు. కార్ల కర్మాగారాల నగరం అది. తండ్రి మానసిక వైద్యుడు, తల్లి సామాజిక సేవారంగంలో పనిచేశారు. ఐదుగురు అన్నదమ్ముల్లో కీత్ మూడోవారు. నలుగురు వకీళ్లయ్యారు, ఒకరు డాక్టరు. కాబట్టి పేదరికం నుంచి పైకి వచ్చిన కథగా దీన్ని చెప్పడం సరికాదు. చదువుకున్న కుటుంబం, క్యాథలిక్ కుటుంబం, పిల్లవాణ్ణి మంచి జెసూట్ పాఠశాలకు పంపిన కుటుంబం. అయితే ఇంట్లో వినిపించే కథలు మరో రకమైనవి. తల్లి తరపు తాత లూసియానాలో నల్లజాతివారి హక్కుల సంఘంలో పనిచేశారు. నల్లవారు ఓటరు జాబితాలో పేరు రాయించుకుంటే ప్రాణం మీదికి వచ్చే రోజులవి.

డెట్రాయిట్‌లోనే వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదువుతుండగా, 19 ఏళ్ల వయసులో, ఆయన ఇస్లాం స్వీకరించారు. ఆ తరువాత న్యాయశాస్త్రం చదవడానికి మిన్నెసోటా వెళ్లారు. 1990లో పట్టా పుచ్చుకున్నారు. పెద్ద పేరున్న ఒక న్యాయసంస్థలో మూడేళ్లు పనిచేశారు.

ఇక్కడ కాస్త ఆగాలి. మన పిల్లల్లో లా చదివినవాడికి అలాంటి సంస్థలో ఉద్యోగం వస్తే మనం మిఠాయిలు పంచుతాం. ఎల్లిసన్ దాన్ని వదిలి మినియాపోలిస్‌లో లీగల్ రైట్స్ సెంటర్ అనే చిన్న సంస్థకు డైరెక్టరుగా వెళ్లారు. ఆ సంస్థను 1970లో నల్లజాతి, ఆదివాసీ ఇండియన్ సమాజాల పెద్దలు కలిసి పెట్టుకున్నారు. పోలీసులు పట్టుకెళ్లిన తమ కుర్రాళ్ల తరపున మాట్లాడేవారు లేరని, ప్రభుత్వం ఇచ్చే వకీలుకు తమ మాట, తమ బతుకు తెలియవని వారి బాధ. లాభాపేక్ష లేని సంస్థ అది. ఫీజు ఇవ్వలేని ముద్దాయి తరపున కోర్టులో నిలబడటమే దాని పని. సుమారు ఐదేళ్లు ఎల్లిసన్ దాన్ని నడిపారు. ఆ తరువాత ప్రైవేటు ప్రాక్టీసుకు వెళ్లినా క్రిమినల్ కేసులు, పౌరహక్కుల కేసులే ఎక్కువగా చూశారు. నగరంలోని ఒక సమాజ రేడియోలో చర్చా కార్యక్రమం కూడా నడిపారు.

మనం బడికి, దవాఖానాకు, పెళ్లికి, రంజాన్ రేషన్‌కు ఇస్తాం. వకీలు ఫీజుకు ఇవ్వడం మనకు అలవాటు లేదు. జైల్లో ఉన్నవాడికి డబ్బు ఇవ్వడమేమిటని ఒక రకమైన జంకు. లీగల్ రైట్స్ సెంటరును పోషించినవారికి ఆ జంకు లేదు. ఇరవై ఏళ్ల తరువాత వాళ్ల డైరెక్టరు రాష్ట్రానికే పెద్ద వకీలు అవుతాడని ఊహించి వాళ్లు ఇవ్వలేదు. ఆ రోజు ఆ కుర్రాడికి బెయిలు కావాలి కాబట్టి ఇచ్చారు.

మిన్నెసోటాలో ఈ పదవికి ఒక పాత సంప్రదాయం ఉంది. అది చెప్పకుండా ఎల్లిసన్ సంగతి పూర్తిగా అర్థం కాదు. 1960లో వాల్టర్ మాండేల్ అనే 32 ఏళ్ల యువకుడు అక్కడ అటార్నీ జనరల్ అయ్యారు. తరువాతి కాలంలో అమెరికా ఉపాధ్యక్షుడైన మాండేలే ఆయన. పదవిలోకి వస్తూనే ఆయన ముందుకు వచ్చిన పెద్ద కేసు ఒక ధర్మసంస్థది. ఆస్ట్రేలియా నర్సు ఎలిజబెత్ కెనీ పేరుతో మినియాపోలిస్‌లో పోలియో పిల్లల చికిత్సకు ఒక ఫౌండేషన్ ఉండేది. పోలియో అంటే తల్లిదండ్రులు వణికిపోయే కాలం. దేశం నలుమూలల నుంచీ చందాలు వచ్చేవి. లెక్కలు తీస్తే, ఆ చందాల్లో పెద్ద భాగం చందాలు వసూలు చేసే ఖర్చుల కిందే పోతోందని తేలింది. ఫౌండేషన్‌ను నడిపిన పెద్దమనిషి ఒకప్పుడు ఆ నగరానికి మేయరు. ఆయన కోర్టులో దోషిగా తేలాడు. ఒక్కో డాలరు పంపిన లక్షలమంది తరపున ఆ లెక్క అడిగింది రాష్ట్రపు వకీలు కార్యాలయం.

మాండేల్ చేసిన మరో పని న్యాయ చరిత్రలో నిలిచిపోయింది. ఫ్లోరిడాలో గిడియన్ అనే పేదవాణ్ణి దొంగతనం కేసులో వకీలు లేకుండానే విచారించి జైలుకు పంపారు. అతను జైలు నుంచి పెన్సిలుతో అర్జీ రాసుకున్నాడు. సుప్రీంకోర్టు దాన్ని విచారణకు తీసుకుంది. ఫ్లోరిడా అటార్నీ జనరల్ మిగతా రాష్ట్రాలకు ఉత్తరాలు రాసి, మా వాదనను బలపరచండి, ప్రతి పేద ముద్దాయికీ వకీలును పెట్టే బాధ్యత రాష్ట్రాల నెత్తిన పడుతుంది అన్నారు. ఆ ఉత్తరం అందుకున్న మాండేల్ ఎదురు పని చేశారు. మసాచుసెట్స్ అటార్నీ జనరల్‌తో కలిసి, గిడియన్‌కు అనుకూలంగా 22 రాష్ట్రాలను కూడగట్టారు. ఫ్లోరిడా వైపు నిలిచినవి రెండే. 1963లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా గిడియన్ పక్షాన తీర్పిచ్చింది. రాష్ట్రానికి ఖర్చు పెరుగుతుందని తెలిసీ రాష్ట్రపు వకీళ్లే పేదవాడి పక్షాన నిలబడిన అరుదైన సందర్భమది. మన దేశంలో దానికి దగ్గరగా వచ్చే తీర్పు 1979లో బీహారు విచారణ ఖైదీల కేసులో వచ్చింది. దాన్ని హుస్సైనారా ఖాతూన్ కేసు అంటారు. ఉచిత న్యాయసహాయం జీవించే హక్కులో భాగమని అందులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పేరు గల మహిళ కూడా ఆ ఖైదీల్లో ఒకరు.

ఎల్లిసన్ రాజకీయ జీవితాన్ని త్వరగా చెప్పేస్తాను. 2002లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 2006లో మినియాపోలిస్ నగరం ఉన్న నియోజకవర్గం నుంచి కాంగ్రెసుకు గెలిచారు. అక్కడి ఓటర్లలో ముస్లింలు కొద్ది శాతమే. ఆయన ఖుర్ఆన్ మీద ప్రమాణం చేస్తానన్నప్పుడు వర్జీనియాకు చెందిన ఒక సభ్యుడు తన ఓటర్లకు ఉత్తరం రాసి అభ్యంతరం చెప్పారు. ఆ సభ్యుడి నియోజకవర్గంలోనే జెఫర్సన్ పుట్టిన ప్రాంతం ఉంది. ఎల్లిసన్ వాదనకు దిగలేదు. జెఫర్సన్ ఖుర్ఆన్ కాంగ్రెసు గ్రంథాలయంలో ఉందని తెలుసుకుని దాన్ని తెప్పించుకున్నారు. సభలో ఆ సభ్యుడి దగ్గరకు తానే వెళ్లి చేయి కలిపారు.

ఒక చిన్న సవరణ కూడా చెప్పాలి. అధికారిక ప్రమాణం సభ్యులందరూ ఒక్కసారిగా, ఏ గ్రంథమూ లేకుండా చేస్తారు. మనం చూసిన ఫోటో తరువాత విడిగా జరిగిన కార్యక్రమంలోది. ఆ పుస్తకాన్ని జెఫర్సన్ 1765లో న్యాయవిద్యార్థిగా ఉన్నప్పుడు కొన్నారు. దాన్ని అరబీ నుంచి ఆంగ్లంలోకి తెచ్చిన జార్జి సేల్ కూడా వృత్తిరీత్యా వకీలే. 1815లో జెఫర్సన్ తన గ్రంథాలయాన్ని కాంగ్రెసుకు అమ్మినప్పుడు ఇదీ వాషింగ్టన్ చేరింది. 1851లో ఆ గ్రంథాలయం కాలిపోయినప్పుడు మంటల్లో పోకుండా మిగిలిన పుస్తకాల్లో ఇది ఒకటి.

కాంగ్రెసులో ఆయన పన్నెండేళ్లు ఉన్నారు. 2011 మార్చిలో అమెరికన్ ముస్లింల మీద ఒక విచారణ పెట్టినప్పుడు సాక్షిగా వెళ్లి, సెప్టెంబరు 11 దాడుల రోజు గాయపడినవారిని కాపాడబోయి చనిపోయిన సల్మాన్ హమ్దానీ అనే 23 ఏళ్ల ముస్లిం యువకుడి కథ చెప్పారు. ఆ యువకుడు చనిపోయాక అతని మీదే అనుమానాలు పుట్టాయి. అది చెబుతూ ఎల్లిసన్ గొంతు పూడుకుపోయింది.

ఆయన మీద వచ్చిన విమర్శలు దాచితే ఈ వ్యాసం పొగడ్త అవుతుంది. విద్యార్థి దశలోనూ ఆ తరువాతా ఆయన 'నేషన్ ఆఫ్ ఇస్లాం' అనే సంస్థకు అనుకూలంగా మాట్లాడారు, రాశారు. ఆ సంస్థ నాయకులు యూదుల మీద ద్వేషం పలికినవారు. 2006లో ఆయన స్థానిక యూదు సంఘానికి ఉత్తరం రాసి, వారి మాటలను తాను తగినంతగా పరిశీలించలేదని ఒప్పుకున్నారు. 2008లో ఆయన హజ్ చేసినప్పుడు ఖర్చు, 13 వేల డాలర్లకు పైగా, మిన్నెసోటాలోని ఒక ముస్లిం సంస్థ భరించింది. ఆ మొత్తం బయటికి చెప్పడంలో ఆలస్యమైందని పత్రికలు రాశాయి. దాతల సొమ్ముతో నడిచే సంస్థ ఒక ప్రజాప్రతినిధి హజ్‌కు ఖర్చు పెట్టవచ్చా? చట్టం ఏమన్నా, నేను ఆ సంస్థ కోశాధికారిని అయితే ఆ చెక్కు మీద సంతకం పెట్టేవాణ్ణి కాను.

2018లో ఎల్లిసన్ కాంగ్రెసు సీటు వదులుకుని రాష్ట్ర అటార్నీ జనరల్‌కు పోటీ చేశారు. అది కిందికి దిగడమని కొందరు అన్నారు. గెలిచారు. అమెరికాలో ఒక రాష్ట్రం మొత్తానికి ఎన్నికైన మొదటి ముస్లిం ఆయనే. 2022లో రెండోసారి గెలిచినప్పుడు ఒక శాతం కన్నా తక్కువ తేడాతో గట్టెక్కారు.

ఆ కార్యాలయంలో రోజువారీ పని పత్రికల్లో రాదు. మోసపు కంపెనీలు, ఇంటి అద్దెల తగాదాలు, మందుల ధరలు. పిల్లలకు పొగాకు అలవాటు చేసిందని ఈ-సిగరెట్ల కంపెనీ జూల్ మీద వేసిన దావా 2023లో విచారణ దాకా వెళ్లి 60.5 మిలియన్ డాలర్లకు రాజీ అయింది. మత్తు మందు మాత్రల కంపెనీలతో జరిగిన ఒప్పందాల్లో రాష్ట్రానికి 300 మిలియన్ డాలర్లకు పైగా దక్కింది. ఇక ధర్మసంస్థల విభాగం ఒకటి వేరుగా ఉంది. మిన్నెసోటాలో ప్రజల నుంచి ఏడాదికి 25 వేల డాలర్లకు మించి చందాలు వసూలు చేసే సంస్థ ఈ కార్యాలయంలో నమోదు కావాలి. ఏటా లెక్కలు దాఖలు చేయాలి. ఎవరైనా వాటిని చూడవచ్చు. సంస్థను మూసేయాలన్నా, ఆస్తిని మరొకరికి అప్పగించాలన్నా ముందుగా ఈ కార్యాలయానికి తెలపాలి. మా పట్టణపు హాస్టలు అక్కడ ఉండి ఉంటే, గదులు గోడౌను అయిన సంగతి ఏదో ఒక ఏడాది లెక్కల్లో బయటపడి ఉండేది.

ప్రపంచమంతా ఈ కార్యాలయం పేరు విన్నది మాత్రం 2020లో. మే 25న మినియాపోలిస్‌లో డెరెక్ షావిన్ అనే పోలీసు అధికారి జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి మెడ మీద 9 నిమిషాల 29 సెకన్లు మోకాలు ఆనించి ఉంచాడు. 17 ఏళ్ల బాలిక ఒకతె దాన్ని ఫోనులో చిత్రించింది. అక్కడి చట్టం ప్రకారం హత్య కేసులు నడిపేది జిల్లా స్థాయి ప్రాసిక్యూటరు. గవర్నరు కోరితేనో, ఆ ప్రాసిక్యూటరే అడిగితేనో అటార్నీ జనరల్ రంగంలోకి వస్తారు. మే 31న గవర్నరు ఈ కేసును ఎల్లిసన్ చేతికి ఇచ్చారు. మూడు రోజుల్లోనే షావిన్ మీద ఆరోపణ పెంచారు. అక్కడ ఉన్న మరో ముగ్గురు అధికారుల మీదా కేసు పెట్టారు.

వీడియో ఉంది కదా, శిక్ష పడక ఏమవుతుంది అని మనం అనుకుంటాం. కోర్టులో పనిచేసేవారికి తెలుసు, పోలీసు మీద కేసు నిలబెట్టడం ఎంత కష్టమో. జ్యూరీలో పన్నెండుమందీ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా కేసు మళ్లీ మొదటికి వస్తుంది. ఫ్లాయిడ్ ఒంట్లో మత్తుమందు ఉంది, గుండెజబ్బు ఉంది, చనిపోయింది వాటివల్లేనని ఎదుటి పక్షం వాదన. ఎల్లిసన్ చేసిన తెలివైన పని ఏమిటంటే, తాను కోర్టులో ముందు నిలబడలేదు. జట్టును కూర్చారు. ప్రైవేటు ప్రాక్టీసులో పేరున్న జెరీ బ్లాక్‌వెల్, స్టీవ్ ష్లైకర్ వంటివారు ఫీజు తీసుకోకుండా వచ్చి కేసు నడిపారు. ఊపిరితిత్తుల వైద్యంలో ప్రఖ్యాతి పొందిన డాక్టర్ మార్టిన్ టోబిన్ కూడా ఫీజు తీసుకోలేదు. ఆయన సాక్ష్యపు బోనులో కూర్చుని, మెడ మీద చెయ్యి ఎక్కడ పెట్టుకుని చూసుకోవాలో జ్యూరీకి చూపిస్తూ, ఊపిరి ఏ క్షణాన ఆగిందో పాఠం చెప్పినట్టు చెప్పారు. నగర పోలీసు ప్రధానాధికారే వచ్చి, ఇది మా శిక్షణ కాదు అని సాక్ష్యమిచ్చారు. 2021 ఏప్రిల్ 20న మూడు నేరాల్లోనూ షావిన్ దోషి అని జ్యూరీ తేల్చింది. జూన్ 25న ఇరవై రెండున్నర ఏళ్ల శిక్ష పడింది.

తీర్పు వచ్చిన సాయంత్రం ఎల్లిసన్ అన్నమాట నాకు నచ్చింది. దీన్ని న్యాయం అనలేనని, పోయినది తిరిగి వచ్చినప్పుడే న్యాయమవుతుందని, ఇది జవాబుదారీతనం మాత్రమేనని, అదే న్యాయానికి మొదటి మెట్టని ఆయన అన్నారు.

ఇక ధర్మసంస్థల విషయంలో ఆయన హయాములోనే పెద్ద మచ్చ ఒకటి పడింది. కోవిడ్ రోజుల్లో పేద పిల్లలకు భోజనం పెట్టేందుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన సొమ్మును మిన్నెసోటాలో 'ఫీడింగ్ అవర్ ఫ్యూచర్' అనే లాభాపేక్షలేని సంస్థ, దాని కింద వెలసిన పంపిణీ కేంద్రాలు దోచుకున్నాయని 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రాసిక్యూటర్లు కేసు పెట్టారు. మొదట 47 మంది నిందితులు, తరువాత ఆ సంఖ్య 70 దాటింది. మొత్తం 250 మిలియన్ డాలర్లు, మన లెక్కలో సుమారు రెండు వేల కోట్ల రూపాయలు. వండని భోజనాలకు, లేని పిల్లల పేర్లతో బిల్లులు. సంస్థను స్థాపించిన మహిళ ముస్లిం కాదు. ఆమె 2025లో దోషిగా తేలింది. కాని నిందితుల్లో చాలామంది అక్కడి సోమాలీ ముస్లింలు. అమెరికాలో సోమాలీలు అత్యధికంగా ఉండే రాష్ట్రం అదే. కష్టపడి బతికే వేలమంది తలలు ఆ కేసుతో వంగిపోయాయి.

2021 డిసెంబరులో, ఇంకా కేసులు పడకముందు, తరువాత నిందితులైన కొందరు ఎల్లిసన్‌ను కలిశారు. ఆ సమావేశపు రికార్డింగు 2025లో బయటికి వచ్చింది. అధికారులు తమను వేధిస్తున్నారని వారు మొరపెట్టుకున్నారు, ఆయన సానుభూతిగా మాట్లాడారు. ధర్మసంస్థలను చూడవలసిన అధికారి వారి మాట ఎలా విన్నాడని ప్రత్యర్థులు నిలదీశారు. సదుద్దేశంతోనే కలిశానని, వారు చేసింది అప్పటికి తనకు తెలియదని, వారికోసం ఏమీ చేయలేదని ఆయన జవాబు. ఆ జవాబును నమ్మేవారు ఉన్నారు, నమ్మనివారు ఉన్నారు. నా మటుకు నాకు ఇందులో కనిపించేది మరొకటి. మనవాడు పెద్ద పదవిలో ఉన్నాడు కాబట్టి మన సంస్థ జోలికి ఎవరూ రారు అనుకునే మనస్తత్వం. ఆ మనుషులు ఆయన దగ్గరకు వెళ్లింది ఆ ధైర్యంతోనేమో. మన ఊళ్లలోనూ ఎమ్మెల్యే మనవాడైతే కమిటీకి లెక్కలు అడిగే నాథుడు ఉండడు. అడిగినవాణ్ణి సముదాయానికి ద్రోహి అంటారు. జకాత్, సదఖా సొమ్ము అమానత్ అని ప్రసంగాల్లో చెప్పుకుంటాం. అమానత్ అన్నాక లెక్క అడగడం అవమానం ఎలా అవుతుంది?

ఇప్పుడు మన చట్టం దగ్గరకు వద్దాం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 92వ సెక్షన్ ఉంది. ప్రజాప్రయోజనం కోసం, ధర్మం కోసం ఏర్పడిన ట్రస్టులో విశ్వాసఘాతుకం జరిగితే, రాష్ట్ర అడ్వకేట్ జనరల్ దావా వేయవచ్చు. లేదా ఆ ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది కోర్టు అనుమతి తీసుకుని దావా వేయవచ్చు. ట్రస్టీని తొలగించమని, కొత్తవారిని నియమించమని, లెక్కలు చూపించమని, ట్రస్టు నడపడానికి ఒక స్కీము రాయమని కోర్టును అడగవచ్చు. 93వ సెక్షన్ ప్రకారం, పాత ప్రెసిడెన్సీ నగరాలకు వెలుపల, ప్రభుత్వం ముందుగా అనుమతిస్తే జిల్లా కలెక్టరు కూడా ఈ అధికారం వాడవచ్చు. వక్ఫు ఆస్తుల సంగతి వేరు. వాటికి సొంత చట్టం, బోర్డు, ట్రిబ్యునల్ ఉన్నాయి. వక్ఫు కాని ట్రస్టులకు మాత్రం ఇది ఒక దారి.

ఈ సెక్షన్ కింద అడ్వకేట్ జనరల్ స్వయంగా దావా వేయడం నా ప్రాక్టీసులో నేను చూడలేదు. వారికి ప్రభుత్వ కేసులతోనే తీరిక ఉండదు. మిన్నెసోటాలో ఉన్నట్టు ధర్మసంస్థలకు ఒక విభాగం, సిబ్బంది, ఏటా వచ్చే లెక్కల దస్త్రం వారి చేతిలో లేవు. కాబట్టి ఆచరణలో ఆ బరువు "ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది" మీదే పడుతుంది. ఆసక్తి అంటే ఆస్తి మీద హక్కు కాదు. ఆ ధర్మంతో నిజమైన సంబంధం ఉంటే చాలు.

హాస్టలు దాత కుమారుడికి ఇదే చెప్పాను. వారసుడిగా మీకు హక్కు లేదు, ఆ ధర్మం బాగుండాలని కోరే మనిషిగా ఉంది, అయితే మీరొక్కరే చాలరు, ఇంకొకరు కావాలి అన్నాను. ఆయన మూడు నెలలు తిరిగారు. కమిటీతో మొహమాటం ఉన్నవారు, చుట్టరికం ఉన్నవారు, కోర్టు అంటే భయం ఉన్నవారు తప్పుకున్నారు. చివరికి ఒక బడిపంతులు దొరికారు. చిన్నప్పుడు ఆ నాలుగు గదుల్లో ఒకదాంట్లో ఉండి చదువుకున్నవారు. ఇద్దరూ వకాలత్ మీద సంతకం పెట్టారు. కోర్టు అనుమతి ఇచ్చింది. దావా ఇంకా నడుస్తోంది. కిందటి వాయిదాకు జడ్జిగారు కమిటీని ఒక్కటే అడిగారు: హాస్టలు మూతపడిన నాటి నుంచి అద్దె రసీదు పుస్తకాలు.